సగం వాడిన బ్యాటరీ

మా ఇంట్లో కొత్త బ్యాటరీ అన్నది నేను కాపురానికి వచ్చాక చూడలేదు. గోడ గడియారంలో, టీవీ రిమోట్‌లో, టార్చిలైటులో, ఎక్కడ మూత తీసి చూసినా లోపల ఉండేది ఒకసారి చచ్చి బతికిన సరుకే. ఆ గడియారాన్ని నమ్ముకుని బయల్దేరినవాళ్ళు బస్సు వెనక అద్దం చూసి తిరిగొచ్చేవారు. రిమోట్‌ని అరచేతిలో రెండు దెబ్బలు వెయ్యనిదే చానెల్ మారేది కాదు. ఈ ఘనతంతా మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది.

బావగారు మీటింగు హాల్లో మైకు మనిషి. పొద్దున్నే వెళ్ళి వైర్లు పరిచి, స్పీకర్లు సర్ది, ఖాళీ కుర్చీలకి "హలో, హలో" అని వినిపించి, సాయంత్రానికి అన్నీ చుట్టిపెట్టి ఇంటికొచ్చేవారు. వేదిక మీద మాట్లాడేవాళ్ళ చొక్కాకి చిన్న మైకు తగిలించి, నడుముకి ఒక పెట్టె పెడతారు. అందులో అగ్గిపెట్టంత పలకల బ్యాటరీ ఉంటుంది, తొమ్మిది వోల్టులది. పెద్దవాళ్ళు వచ్చి మాట్లాడే చోట మాట మధ్యలో మైకు ఆగితే హాలు పరువు పోతుందని, ప్రతి మీటింగుకీ కొత్త బ్యాటరీ వెయ్యాలని మేనేజరు నియమం పెట్టాడు. మీటింగు అయ్యేసరికి దాంట్లో ఇంకా సగం పైగా ప్రాణం ఉంటుంది. చేతిమైకుల్లో వేసే పెన్సిలు బ్యాటరీల సంగతీ అంతే. అయినా అన్నీ చెత్తబుట్టలో పడేస్తారు. బావగారికి అది చూస్తే కడుపు తరుక్కుపోయేది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవారు.

కొత్త బ్యాటరీల అట్టపెట్టె ఉండే బీరువా తాళం ఆయన దగ్గరే ఉండేది. ఇన్నేళ్ళలో అందులోంచి ఒక్కటి ఇంటికి రాలేదు. "కొత్తది హాలుది, వాడి పారేసింది నాది" అనేవారు. ఆ గీత ఆయన తనకి తాను గీసుకున్నది, ఎవరూ అడగలేదు. దాటితే మాత్రం తానే తనని ఉద్యోగంలోంచి తీసేసుకునేలా ఉండేవారు.

స్నానాలగది కిటికీ గట్టు మీద ఆయన కార్ఖానా. ఒక పెంకుముక్క, పాత టేపురికార్డరు అడాప్టరు, దాన్నుంచి రెండు వైర్లు, మధ్యలో ఒక చిన్న బల్బు. బ్యాటరీ తగిలించగానే బల్బు వెలుగుతుంది. మెల్లగా మసకబారితే బ్యాటరీ కడుపు నిండిందని లెక్క. మధ్యమధ్యలో వచ్చి, జ్వరం చూసినట్టు చేతి వెనకభాగంతో తాకి చూసేవారు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, వేడెక్కితే తీసేయాలి. ఇలాంటి బ్యాటరీలకి చార్జింగు పెట్టకూడదని వాటి ఒంటి మీదే రాసి ఉంటుంది. ఆ ముక్క చదివి వినిపిస్తే, "అది అమ్ముకునేవాళ్ళు రాసుకున్నదమ్మా" అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఒకసారి ఒకటి ఢామ్మని పేలింది. తలుపు బయట తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను కాబట్టి సరిపోయింది, ఇంకాస్త ముందు వెళ్ళి ఉంటే నా మొహం గోడలాగే అయ్యేది. గోడ మీద నల్లమరక ఇప్పటికీ ఉంది. ఆ రోజు నేను అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు కూడా కిటికీ తెరిచారు. బావగారు గోడ తుడిచి, "తప్పు నాదేనమ్మా. అది పూర్తిగా అయిపోయిన బ్యాటరీ. కాస్తయినా ఊపిరున్న దాన్నే లేపాలి. పూర్తిగా ఉడిగిపోయిన దాన్ని లేపబోతే ఇలాగే పగులుతుంది" అన్నారు. ఆ తర్వాత తెచ్చిన ప్రతి బ్యాటరీనీ ముందు నాలుక మీద పెట్టి చూసేవారు. చుర్రుమంటే గట్టు మీదకి, చప్పగా ఉంటే చెత్తలోకి. ఆయన నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ అంటారు. ఎందుకు లేదూ, బ్యాటరీలు రుచి చూడ్డానికి ఉంది అని నేనే అనేదాన్ని, ఆయనకి వినపడేలాగే.

ఇదంతా మొదట పొదుపు కోసం, చాదస్తం కోసం. తర్వాత అలా ఉండలేదు. అక్కకి గొంతు పోయాక ఆ కిటికీ గట్టు మీద తయారయ్యేది టార్చిలైటు వెలుగు కాదు, ఆమె మాట.

అక్క అంటే నా తోటికోడలు. మార్కెట్లో ఉల్లిపాయలు, బంగాళాదుంపల కొట్టు ఆమెది. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా వీధి చివర నిలబడితే మార్కెట్లో ఆమె అరుపు వినపడేది, ఒట్టు. ఉల్లిపాయల ధర ఆమె చెప్తే పక్కవరుసలో చేపలమ్మేవాళ్ళు కూడా తమ బేరం ఆపి వినాల్సిందే. మార్కెట్లో ఆమె పేరు లౌడుస్పీకరు. "మొగుడికి మైకు పిచ్చి, పెళ్ళానికి మైకు అక్కర్లేదు. జోడీ భలే కుదిరింది" అని వెల్లుల్లి అమ్మే ముసలాయన రోజూ అనేవాడు. ఆవిడ రోజూ ఆయన్ని తిట్టేది. అంత గొంతుతో తిట్టినా ఎవరికీ కోపం వచ్చేది కాదు, ఎందుకంటే ఆ వెంటనే ఆ గొంతుతోనే నవ్వేది.

ఆ గొంతు మొదట బొంగురుపోయింది. ఉల్లిపొట్టు దుమ్ము అనుకున్నాం. మిరియాలు, తేనె, వేడినీళ్ళు, ఎవరు ఏది చెప్తే అది చేశాం. చివరికి డాక్టరు లోపలికి చూసి, క్యాన్సరని చెప్పి, గొంతులోని మాటపెట్టె మొత్తం తీసేస్తేనే మనిషి మిగులుతుందన్నాడు. తీసేశారు. మెడ కింద ఊపిరికి ఒక రంధ్రం మిగిలింది, దాని మీద పలచటి గుడ్డ. పెదాలు కదిలేవి, నాలుక కదిలేది, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు.

ఆస్పత్రివాళ్ళే చిన్న యంత్రం ఇప్పించారు. చేతిలో పట్టే టార్చిలైటులా ఉంటుంది. గొంతుకి ఆనించి మీట నొక్కితే జుయ్యిమంటుంది, ఆ జుయ్యిమనేదాన్ని పెదాలతో మాటలుగా మలుచుకోవాలి. అలవాటవడానికి చాలాకాలం పట్టింది. ఎత్తుపల్లాలు లేని ఒకటే రకం గొంతు. తిట్టినా, ముద్దుచేసినా, ఉప్పు అడిగినా ఒకలాగే ఉండేది. దాంతోపాటు వచ్చిన చార్జింగు బ్యాటరీ తొందరగానే పాడైంది, అలాంటిది మళ్ళీ ఎక్కడా దొరకలేదు. అయితే దాంట్లో మామూలు పలకల బ్యాటరీ కూడా పడుతుంది. హాలు మైకులో వేసేదే.

బావగారి మొహం ఆ రోజు చూడాలి. పెళ్ళిచూపుల్లో కూడా అంత సంతోషపడి ఉండరు. "మన దగ్గర బ్యాటరీలకి కరువా!" అన్నారు. ఆనాటి నుంచి ఆమె మాట్లాడిన ప్రతి మాటా, ముందు ఎవరో ఒక పెద్దమనిషి సగం వాడి పారేసినదే.

అలా బతికించిన బ్యాటరీతో ఒక చిక్కు ఉంది. మొదట్లో కొత్తదానిలాగే ఉంటుంది, తర్వాత చెప్పాపెట్టకుండా జారిపోతుంది. అక్క ఒక మాట మొదలుపెట్టేది, సగానికి వచ్చేసరికి జుయ్యిమనే శబ్దం సన్నబడి, ఈగ దూరంగా వెళ్ళిపోయినట్టు పోయేది. పెదాలు ఇంకా కదులుతూ ఉండేవి. అక్క చదువుకోలేదు, రాసి చూపించడం రాదు. మేము ఏం చేసేవాళ్ళం? మిగతా సగం మేమే పూరించుకునేవాళ్ళం. "కూరలో ఉప్పు..." అందనుకోండి, చాల్లేదు కాబోలని నేను ఇంకో చెంచా వేసేదాన్ని. తీరా తింటే నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్ళం. "చిన్నవాడికి చొక్కా..." అంటే మా ఆయన వెళ్ళి మా వాడికి ఇంకో చొక్కా కొనుక్కొచ్చేవాడు. చిరిగిందని చెప్పబోయిందో, పెద్దదైందని చెప్పబోయిందో. బావగారు పరుగెత్తుకెళ్ళి వేరే బ్యాటరీ తెచ్చేసరికి ఆమె మళ్ళీ మొదట్నించి చెప్పే ఓపిక లేక, ఏం లేదన్నట్టు చెయ్యి ఊపేసేది. సరే అర్థమైందిలే అనుకుని ఎవరి పనిలో వాళ్ళం పడేవాళ్ళం. ఇల్లన్నాక అలాగే నడుస్తుంది.

కొట్టు మూతపడలేదు. ఆమె గొంతు పోయినా కొట్టు పోనివ్వనని బావగారు పట్టుబట్టారు. తెల్లారకముందే లేచి, మార్కెట్‌కి వచ్చే లారీ దగ్గర బస్తాలు తన వీపు మీద మోసి కొట్లో దించి, స్నానం చేసి హాలుకి వెళ్ళేవారు. ధర అరవడానికి నేను వెళ్ళేదాన్ని. నా గొంతు ఆమె గొంతుతో పోలిస్తే నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. అక్క తూకం దగ్గర కూర్చునేది. దుమ్ము ఎగిరితే మెడ దగ్గరి గుడ్డ పట్టుకుని దగ్గేది. శబ్దం లేని దగ్గు, ఒళ్ళంతా ఊగిపోయేది. మధ్యాహ్నం బేరాలు పలచబడితే బస్తాకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. కొనేవాళ్ళు వచ్చి "పాపం, పడుకుందా?" అంటే కళ్ళు మూసుకునే చెయ్యి చాచి తూకంరాయి అందుకునేది. ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చేది, నిజంగా. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, అందుకని ఉల్లిపాయలు ఏరుకునేవాళ్ళ మీద అరిచేదాన్ని.

సాయంత్రాలు బావగారు ఆమె మంచం పక్కన కూర్చుని, మరునాటికి కావాల్సిన బ్యాటరీలు వరసగా పెట్టి ఒక్కొక్కటే నాలుకతో చూసేవారు. అప్పుడు ఆమె యంత్రం తీసుకుని మొదలుపెట్టేది.

"ఏవండీ, ఆ కొట్టు..."

అంతే, ఈగ ఎగిరిపోయేది.

"కొట్టుకేం కాదులే. నేనున్నాగా, చూసుకుంటా" అనేవారాయన. ఆమె ఆయన మొహంలోకి చూసేది. ఆయన చేతిలో ఇంకో బ్యాటరీ, కళ్ళల్లో అంత ఆశ. చెయ్యి ఊపేసి గోడవైపు తిరిగేది. ఇలా ఎన్ని సాయంత్రాలు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. వంటింట్లోంచి వింటూ, పాపం కొట్టంటే ఎంత ప్రాణమో అనుకునేదాన్ని.

అలా ఉండగా మార్కెట్ పాతబడిందని పడగొట్టి కొత్తది కట్టారు. పాత కొట్లవాళ్ళకే కొత్త కొట్లు ఇస్తామన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. కొట్టు ఎవరిదో వాళ్ళే బావగారు పనిచేసే మీటింగు హాలుకి వచ్చి, ఆఫీసరు ముందు నిలబడి, నాకు కొట్టు కావాలి, నేను నడుపుకోగలను అని సొంత నోటితో చెప్పాలి. అంతకుముందు వేరే ఊళ్ళో ఎవరో పెద్ద వ్యాపారులు మంచం పట్టిన ముసలివాళ్ళని తీసుకొచ్చి, తల ఊపించి, కొట్లన్నీ కాజేశారట. అందుకని తల ఊపితే చెల్లదు, చెయ్యెత్తితే చెల్లదు, పక్కవాళ్ళు చెప్తే అసలే చెల్లదు. చెప్పలేకపోతే కొట్టు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.

"ఎవడో చేసిన పనికి మన నోటికి పరీక్షా?" అని నేను మండిపడ్డాను.

"అరిస్తే ఏమొస్తుందమ్మా? మాట చాలు కదా, మాట ఇస్తాను" అన్నారు బావగారు.

పరీక్షకి పిల్లని తయారుచేసినట్టు తయారుచేశారు. వారం ముందు నుంచే మంచి బ్యాటరీలు ఏరి పక్కన పెట్టారు. ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళవి కాదు, నాలుగు ముక్కలు చెప్పి దిగిపోయినవాళ్ళవి. ముందురోజు సాయంత్రం వాటికి నెమ్మదిగా చార్జింగు ఎక్కించి, పొద్దున్నే నాలుకతో చూసి, రెండు చొక్కాజేబులో వేసుకుని, ఒకటి యంత్రంలో వేశారు. "ఇవి ఇవాళే వాడాలి. రేపటికి దిగిపోతాయి. నువ్వు అక్కడికెళ్ళి 'నాకు ఈ కొట్టు కావాలి, నేను నడుపుకోగలను' అను చాలు. అంతకుమించి ఒక్క ముక్క వద్దు" అన్నారు. అక్క ఆయన్నే చూస్తూ కూర్చుంది.

తీరా వెళ్తే ఆఫీసరు రాలేదు, రేపు రమ్మన్నారు. ఆ రోజు రాత్రి కరెంటు పోయింది. మరునాడు అవే బ్యాటరీలతో వెళ్ళాం. బావగారు వాటిని నాలుకతో చూసి, "చుర్రుమంటోంది, పరవాలేదు" అన్నారు కానీ, ఆ చూడ్డం ఒకటికి రెండుసార్లు చూశారు.

హాలు నిండా మార్కెట్ జనం. పక్కగోడ దగ్గర మైకు బల్ల వెనక బావగారు, ముందు వరుసల్లో మేము. వేదిక మీద ఆఫీసరు, ఆయన కాలరుకి మైకు, నడుముకి పెట్టె. బావగారే పొద్దున అందులో కొత్త బ్యాటరీ వేశారు. ఆఫీసరు ప్రతి కొట్టువాడికీ ఒక ప్రసంగం ఇస్తున్నాడు, శుభ్రత గురించి, క్రమశిక్షణ గురించి. భోజనాలవేళ దాటినా మా వంతు రాలేదు. అక్క మధ్యలో రెండుసార్లు లేచి బల్ల దగ్గరికి వెళ్ళి యంత్రం గొంతుకి ఆనించింది. రెండుసార్లూ బావగారు ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా దించేశారు.

"ఇప్పుడొద్దు. దాచుకో" అన్నారు.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. చెయ్యి చల్లగా ఉంది. భయపడుతోంది కాబోలనుకుని "ఏం కాదక్కా, నేనున్నాగా" అన్నాను. నేను కూడా బావగారి మాటే అన్నాను, చూడండి.

చివరికి పిలిచారు. ఆమె వెళ్ళి నిలబడింది. నేను పక్కన నిలబడి చేతిమైకు ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను. లౌడుస్పీకరు మాట్లాడుతుందని వెల్లుల్లి ముసలాయన కూడా తలపాగా సర్దుకున్నాడు.

"అయ్యా, నాకు ఈ కొట్టు..."

ఈగ ఎగిరిపోయింది.

బావగారు దూకినట్టే వచ్చారు. జేబులోంచి రెండోది తీసి వేశారు. "అయ్యా, నాకు..." అంతే. మూడోది వేస్తే జుయ్యిమని కూడా అనలేదు. రాత్రికి రాత్రి దిగిపోయాయి. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. వెనక ఎవరో "కావాలనే అంటోందండీ, మాకందరికీ తెలుసు" అని అరిచారు.

"మీకు తెలిస్తే చాలదు. ఆమె చెప్పాలి. రూలు రూలే. చెప్పలేకపోతే తర్వాతివాళ్ళని పిలవండి" అన్నాడు ఆఫీసరు. ఆ మాట స్పీకర్లలోంచి హాలు నాలుగు మూలలా మోగింది.

బావగారు యంత్రంలోంచి మూడోది కూడా బయటికి తీశారు. చేతిలో మూడు చచ్చిన బ్యాటరీలు. తర్వాత నెమ్మదిగా మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళారు. మీటింగుల్లో ఎప్పుడూ వెళ్ళినట్టే, నడుం వంచి, "ఒక్క నిమిషం సార్" అన్నారు. ఆఫీసరు అలవాటుగా చెయ్యి పైకెత్తాడు. బావగారు నడుం దగ్గరి పెట్టె మూత తీసి, కొత్త బ్యాటరీ బయటికి లాగి, మూత మళ్ళీ పెట్టేసి, మెట్లు దిగి వచ్చేశారు.

ఆఫీసరు నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. మాట మొదటి వరుసదాకా కూడా రాలేదు. కాలరు మైకు మీద వేలితో కొట్టుకున్నాడు, అయినా లాభం లేదు. హాలు వెనక నవ్వులు మొదలయ్యాయి. మేనేజరు గుమ్మం దగ్గర్నించి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటయ్యా ఇది? ఏం చేస్తున్నావ్?" అని ఆఫీసరు గొంతు చించుకుని అరిచాడు. ఈసారి అందరికీ వినపడింది.

"మీకు గొంతుంది సార్" అన్నారు బావగారు. "కాస్త గట్టిగా మాట్లాడితే చాలు."

ఆయన్ని నోట్లో నాలుక లేని మనిషని నా ముందు మళ్ళీ ఎవరూ అనలేదు. ఆయన ఆ బ్యాటరీని అక్క యంత్రంలో వేశారు. నాలుకతో చూడలేదు. "చెప్పు, ఇప్పుడు చెప్పు. నాకు ఈ కొట్టు కావాలి అని చెప్పు" అన్నారు.

అక్క మీట నొక్కింది. అంత గట్టిగా ఆ యంత్రం మోగడం మేము ఎప్పుడూ వినలేదు. కొత్త బ్యాటరీతో ఎలా ఉంటుందో మాకు తెలియదు కదా. హాలంతా నిండిపోయింది.

"అయ్యా, నాకు ఈ కొట్టు వద్దు."

చేతిమైకు నా చేతిలోంచి జారబోయింది.

"నడపలేను. అలిసిపోయాను. దుమ్ముకి ఊపిరాడటం లేదు. ఇంకెవరికన్నా ఇవ్వండి" అంది. తర్వాత ఆఫీసరు వైపు నుంచి తిరిగి, బావగారి వైపు చూసింది. యంత్రం గొంతు దగ్గరే ఉంది. "ఎన్నాళ్ళనించో చెప్తున్నానండీ. ఒక్కసారీ చివరిదాకా రాలేదు."

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఉన్నా వినపడదు, ఆ యంత్రానికి అవి తెలియవు. బావగారు మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు నిలబడ్డారు. నాకు ఆ సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. కొట్టంటే ఎంత ప్రాణమో అనుకుంటూ వంటింట్లో నేను ఉల్లిపాయలు తరుక్కున్న సాయంత్రాలు.

కొట్టు వేరేవాళ్ళకి వెళ్ళింది. మార్కెట్ గేటు బయట నేల మీద గంప పెట్టుకుని ఆకుకూరలమ్మే ఆవిడకి ఇచ్చారని తర్వాత తెలిసింది. మేనేజరు బావగారి దగ్గర్నించి బ్యాటరీల బీరువా తాళం తీసేసుకుని, కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోమన్నాడు. మళ్ళీ పిలుస్తాడో లేదో ఇంకా తెలియదు. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నట్టు ఆయన చెప్పులేసుకుని వచ్చేశారు.

ఇంటికొచ్చాక ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. అక్క మంచం మీద కూర్చుంది.

"నీ కోసమే మోశానే ఆ బస్తాలు" అన్నారాయన. "కొట్టు లేకపోతే నువ్వు ఉండలేవనుకున్నా. నా నడుం ఎప్పుడో పడిపోయింది."

"నాకు తెలుసు" అంది అక్క. "రోజూ పొద్దున మీరు లేచేటప్పుడు మూలుగు వింటూనే ఉన్నా. మీరు మానేస్తారేమోనని నేను చూశా. నేను మానేస్తానేమోనని మీరు చూశారు. పోనీ గట్టిగా చెప్దామంటే, బ్యాటరీ పట్టుకుని అంత ఆశగా చూసేవారు."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇద్దరి మొహాల్లో ఒకటే అలసట. ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరి కోసం ఒకరు ఇలా అరిగిపోయారంటే ఎవరి మీద కోప్పడాలో నాకు తోచలేదు. వెళ్ళి అన్నం వార్చాను.

హాలు బ్యాటరీ ఆ రోజంతా నిలిచింది, మరునాడు కూడా నిలిచింది. అక్క మాట్లాడుతూనే ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నది పూర్తిగా చెప్పింది. చిన్నవాడికి ఇన్ని చొక్కాలెందుకని తిట్టింది. బస్తాకి తల ఆనించి కళ్ళు మూసుకున్నప్పుడు ఏమేం అనుకునేదో చెప్పింది. గొంతు పోయిన కొత్తలో స్నానాలగదిలో కూర్చుని పెదాలతో ధరలు అరుచుకునేదాన్నని చెప్పింది. బావగారు ఏ పనీ లేనట్టు ఎదురుగా కూర్చుని విన్నారు. ఇన్నాళ్ళ కాపురంలో ఆయన అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

మూడోరోజు సాయంత్రం, "మీరు కూడా ఇక..." అంటుండగా శబ్దం సన్నబడింది. ఈగ ఎగిరిపోయింది.

బావగారు అలవాటుగా నోరు తెరిచారు. మిగతా సగం ఆయన నాలుక చివర సిద్ధంగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది, నా నాలుక చివరా ఉంది కాబట్టి. నోరు మూసుకున్నారు. ఆమె చేతిలోంచి యంత్రం తీసుకుని, బ్యాటరీ బయటికి తీసి, స్నానాలగది కిటికీ వైపు ఒకసారి చూశారు. తర్వాత దాన్ని చెత్తబుట్టలో వేసి, చెప్పులేసుకున్నారు.

"ఉండు. కిరాణా కొట్టుకెళ్ళి కొత్తది తెస్తా. వచ్చాక చెప్పు, మొత్తం చెప్పు" అన్నారు.

అక్క ఈసారి చెయ్యి ఊపలేదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఖాళీ యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

"మీరు కూడా ఇక ఏంటక్కా?" అని అడగబోయి, నేనూ ఊరుకున్నాను.